పురుగుమందు కొట్టాక మిగిలే డబ్బాలు, అడుగు మందు, కడిగిన నీళ్ళు: మా పొలంలో మేం చేసే పద్ధతి

మా అత్తమ్మ దగ్గర ఒక అల్యూమినియం డబ్బా ఉండేది. లీటరు పట్టేది. మూత గట్టిగా బిగిసేది, బూడిదతో తోమితే వెండిలా మెరిసేది. 1998లో నేను కాపురానికి వచ్చేనాటికి ఆవిడ పొలానికి మజ్జిగ తెచ్చేది అందులోనే. మధ్యాహ్నం గట్టు మీద కూర్చుని నేనూ తాగాను, మా ఆయనా తాగాడు, కలుపు తీయడానికి వచ్చిన కూలీలూ తాగారు. అది పత్తికి కొట్టిన పురుగుమందు డబ్బా అని నాకు మూడేళ్ళకి గానీ తెలియలేదు. ఒకరోజు తోముతుంటే అడుగున ఉబ్బెత్తుగా ఉన్న అక్షరాలు చేతికి తగిలాయి. అత్తమ్మని అడిగితే, "ఎన్నిసార్లు తోమానో నీకేం తెలుసు, వాసన చూడు, ఏమన్నా ఉందా?" అంది. నిజంగానే వాసన లేదు. ఆవిడ మాకు కీడు చేయాలనుకునే మనిషి కాదు. అలాంటి డబ్బా ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ ఉండేది.

మాది పల్నాడు, సాగర్ కుడి కాలువ కింద పొలం. రెండున్నర ఎకరాలు మిరప, ఒక ఎకరం పత్తి. మందు కలిపేది నేను, కొట్టేది మా ఆయన, మా మరిది. 2021లో మిరప మీదికి నల్ల తామర పురుగు వచ్చినప్పుడు ఏ మందు కొడితే ఆగుతుందో ఎవరికీ తెలియక, నాలుగు రోజులకొకటి చొప్పున కొట్టాం. పూత నిలవలేదు. కాపు చేతికి రాలేదు. కళ్ళం మూలన మాత్రం మోకాలెత్తు డబ్బాల కుప్ప మిగిలింది. ఒక సాయంత్రం కూర్చుని లెక్కపెడితే డబ్బాలూ కవర్లూ కలిపి నూట నలభై పైనే తేలాయి. ఒక్కోదాని అడుగున కొద్దికొద్దిగా మందు అలాగే ఉంది. పురుగు చావకపోయినా ఆ అడుగు మందు ఎక్కడికో పోతుంది కదా, ఎక్కడికి పోతుందా అని ఆ రోజే మొదటిసారి ఆలోచించాను. అప్పటి నుంచి మేం పాటిస్తున్న పద్ధతి ఇది.

కొనేటప్పుడే మొదలు

మిగలని మందుకి జాగ్రత్త అక్కర్లేదు. మా లెక్క ఇలా ఉంటుంది. లీటరు నీటికి 2 మిల్లీ అంటే 200 లీటర్ల డ్రమ్ముకి 400 మిల్లీ. ఎకరానికి ఒక డ్రమ్ము పడితే ఒకటిన్నర ఎకరానికి 600. కొట్టుకి వెళ్ళి లీటరు డబ్బా తెస్తే 400 మిగులుతుంది. "చౌక కదా, మళ్ళీ వాడొచ్చు కదా" అని తెచ్చినవే మా అటక మీద చేరాయి. మళ్ళీ వాడే సమయానికి పురుగు మారిపోతుంది, లేదా తేదీ దాటిపోతుంది. అందుకే ఇప్పుడు అరలీటరు ఒకటి, 100 మిల్లీది ఒకటి తెస్తాం. నాలుగు రూపాయలు ఎక్కువైనా సరే. బిల్లు అడుగుతాం, తేదీ చూస్తాం, సీలు చూస్తాం.

లేబుల్ మీద మూల మీద నిలబెట్టిన పలకలాంటి గుర్తు ఉంటుంది. దాని కింది సగంలో రంగు చూడండి. ఎరుపు అన్నిటికన్నా ప్రమాదం, దాని పైన పుర్రె, ఎముకల బొమ్మ కూడా ఉంటుంది. తర్వాత పసుపు, ఆ తర్వాత నీలం. ఆకుపచ్చ అన్నిటికన్నా తక్కువ. మోనోక్రోటోఫాస్‌కి ఎరుపు. అయితే మా ఊళ్ళో చాలామంది పొరబడే సంగతి ఒకటి ఇక్కడే ఉంది. ఆ రంగు చెప్పేది ఒక్కసారిగా ఒంట్లోకి పోతే ఎంత ప్రమాదమన్నదే. చేపలకీ తేనెటీగలకీ ఏమవుతుందో ఆ రంగు చెప్పదు. ఏళ్ళ తరబడి కొంచెం కొంచెంగా తగిలితే మనకేమవుతుందో కూడా చెప్పదు. పైరెత్రాయిడ్ జాతి మందులు, అంటే సైపర్‌మెత్రిన్, లామ్డా సైహలోత్రిన్ లాంటివి, మనిషికన్నా చేపకి ఎన్నో రెట్లు విషం. ఒకసారి మా ఆయన మందు కొట్టే పంపు తీసుకెళ్ళి కుంటలో కడిగాడు. తెల్లారేసరికి గట్టు వెంబడి పరక చేపలు తెల్లగా తేలాయి. పక్కపొలం పిల్లలు వాటిని ఏరి బుట్టలో వేసుకుంటుంటే నేను పరుగెత్తుకెళ్ళి పారబోయించాను. ఆ రోజు ఆయన అన్నం తినలేదు. పంపు మళ్ళీ నీటి దగ్గరికి పోలేదు.

మూడు కడుగులు

అన్నిటికన్నా ముఖ్యమైన పని ఇదే, కాబట్టి దీన్ని కాస్త వివరంగా చెబుతాను.

డబ్బాని కడగాల్సింది మందు కలుపుతున్నప్పుడే. సాయంత్రం కడుగుదామని గట్టు మీద పడేస్తే అడుగు మందు ఎండి గోడలకి అంటుకుపోతుంది, తర్వాత ఎంత కడిగినా వదలదు. మందు డ్రమ్ములోకి ఒంపాక డబ్బాని వెంటనే నిటారుగా ఎత్తకూడదు. ధార తెగి చుక్కలు పడటం మొదలయ్యాక కూడా అర నిమిషం అలాగే వంచి పట్టుకోవాలి. తర్వాత డబ్బాలో పావువంతు మంచినీళ్ళు పోసి, మూత బిగించి, అర నిమిషం గట్టిగా ఆడించాలి. పైకీ కిందికీ ఒక్కటే కాదు, పడుకోబెట్టి కూడా ఆడించాలి. పిడి ఉన్న డబ్బాల్లో పిడి లోపల మందు దాక్కుంటుంది. ఆ నీళ్ళు నేల మీద పారబోయకుండా అదే డ్రమ్ములో పోసి, మళ్ళీ అర నిమిషం వంచి పట్టుకోవాలి. ఇలా మూడుసార్లు.

ఆ నీళ్ళు డ్రమ్ములో పోస్తే మందు పలచబడుతుందేమో అని మా మరిది అడిగాడు. పలచబడదు. డ్రమ్ము నిండా నీళ్ళు పట్టకముందే, సగం నీళ్ళున్నప్పుడు మందు కలిపి, కడిగిన నీళ్ళు కూడా పోసి, తర్వాత గీత దాకా నింపితే లెక్క సరిగ్గా వస్తుంది. పైగా అది మనం డబ్బు పెట్టి కొన్న మందే, కుప్పలోకి పోకుండా చేనుకే పోతుంది.

నూనె రకం మందులు నీళ్ళు తగిలితే తెల్లబడతాయి. మొదటి కడుగు పాలలా ఉంటుంది, రెండోది పలచని మజ్జిగలా, మూడోది దాదాపు నీళ్ళలా. ఆ మజ్జిగ రంగు చూసినప్పుడల్లా నాకు అత్తమ్మ డబ్బాయే గుర్తొస్తుంది. కానీ రంగుని నమ్మకండి. మోనోక్రోటోఫాస్ లాంటివి నీళ్ళలో పూర్తిగా కరిగిపోతాయి, మొదటి కడుగే తేటగా కనిపిస్తుంది. అందుకే కళ్ళతో కాదు, లెక్కతో కడగాలి. ఒకటి, రెండు, మూడు అని పైకి అంటాను. నేను మర్చిపోయినా పక్కనున్నవాళ్ళకి వినిపిస్తుంది.

పొడిమందు కవర్లు వదిలేస్తారు చాలామంది. వాటి మూలల్లో చెంచాడు పొడి ఉంటుంది. ముందు కవరుని డ్రమ్ములో దులపాలి, తర్వాత కొంచెం నీళ్ళు పోసి పిసికి అందులోనే ఒంపాలి, ఇదీ మూడుసార్లే. కవరుని నోటితో చింపకూడదు. పంపు కొసన మందు చిమ్మే నాజిల్ పూడుకుపోతే నోటితో ఊదకూడదు. మా మరిది ఊదేవాడు. పెదాలు తిమ్మిరెక్కి, సాయంత్రానికి వాంతులయ్యాయి. ఇప్పుడు పంపు పట్టీకి పాత పళ్ళబ్రష్ కట్టి ఉంచాం.

కడిగేటప్పుడు చేతులకి తొడుగులుండాలి. కొట్టేవాళ్ళకి తగిలేది నీళ్ళు కలిసిన మందు. కలిపేవాళ్ళకి తగిలేది అసలు మందు. ఆ కలిపే పని చాలా ఇళ్ళల్లో ఆడవాళ్ళదే. మగవాళ్ళకి మాస్కు కొంటాం, మనకి చీరకొంగు చాలనుకుంటాం. గుడ్డ తొడుగులు వద్దు, అవి మందుని పీల్చుకుని చర్మానికి అంటిపెడతాయి. రబ్బరు లేదా నైట్రైల్ తొడుగులు, మణికట్టు దాకా చేతులున్న చొక్కా, కళ్ళకి అద్దాలు. మోచేతి దాకా మందు రాకుండా ఉండాలంటే డ్రమ్ముని చేత్తో కాదు, కర్రతో కలపాలి. ఆ కర్ర ఇంకో పనికి వాడకూడదు, పొయ్యిలో పెట్టకూడదు.

చిల్లు పొడవడం

కడిగిన డబ్బాకి వెంటనే అడుగున చిల్లు పెట్టాలి. మేకు, కొడవలి మొన ఏదైనా సరే. తర్వాత పొడుద్దామని పక్కన పడేస్తే ఇక చిల్లు పడదు, ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండి పట్టుకుపోతారు. ఐదు లీటర్ల డబ్బా చూస్తే కూలికొచ్చినవాళ్ళకి నీళ్ళ డబ్బా గుర్తొస్తుంది, పాలేరుకి కిరసనాయిలు గుర్తొస్తుంది. పాతసామాను బండివాడు దానికి ఉల్లిపాయలు ఇస్తాడు. బండెక్కాక ఆ డబ్బా ఏ ఇంటికి చేరుతుందో మనకి తెలియదు.

2013 జులై 16న బీహార్‌లోని సారణ్ జిల్లా గండామన్ గ్రామంలో బడి మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ ఉన్నట్టు పరీక్షలో తేలింది. మందు డబ్బాలో నూనె పోసి ఉంటారని అధికారులు అప్పుడు చెప్పారు. ఆ వార్త టీవీలో వస్తుంటే అత్తమ్మ వంటింట్లోంచి వచ్చి నిలబడి చూసింది. ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున తన అల్యూమినియం డబ్బా, దాంతోపాటు విత్తనాలు పోసుకునే రెండు ప్లాస్టిక్ డబ్బాలూ తెచ్చి నా ముందు పెట్టింది. మేకు తనే పట్టుకుంది, సుత్తి నేను కొట్టాను.

అట్టపెట్టెల సంగతి కూడా చెప్పాలి. మందు డబ్బాలొచ్చిన అట్టపెట్టెల్లో టమాటాలు, కోడిగుడ్లు, పిల్లల పుస్తకాలు పెట్టకండి. దారిలో ఒక డబ్బా కారినా అట్ట పీల్చుకుంటుంది, పైకి కనిపించదు.

చిల్లు పెట్టినవాటిని ఎక్కడికి పంపాలి

కష్టమంతా ఇక్కడే ఉంది. డబ్బా లేబుల్ మీద పగలగొట్టి ఊరికి దూరంగా పూడ్చమని ఉంటుంది, 1971 నాటి పురుగుమందుల నిబంధనల్లోనూ అదే మాట. అప్పట్లో ఏడాదికి రెండు డబ్బాలు కొట్టేవాళ్ళకి అది సరిపోయిందేమో. మా ఊళ్ళో ఇప్పుడు ప్రతి రైతూ వంద డబ్బాలు పూడిస్తే నేలలో ఇంకేమీ పట్టదు. మాకు నూట యాభై అడుగుల్లో బోరు నీళ్ళు పడతాయి. తాగేదీ అవే. ఘన వ్యర్థాల నిర్వహణకి 2016లో వచ్చిన నిబంధనలు మాత్రం పురుగుమందు డబ్బాల్ని ఇంటి ప్రమాదకర చెత్త కింద చేర్చాయి. వాడిన సూదులు, విరిగిన థర్మామీటర్లు, బ్యాటరీల వరసలోనే. అంటే వాటిని విడిగా తీసుకునే పనిని ఆ నిబంధనలు స్థానిక సంస్థలకి అప్పగించాయి. అవి ఎక్కువగా పట్టణాల కోసం రాసినవే అయినా, ఈ మాట తెలిస్తే పంచాయతీలో అడగడానికి నోరు లేస్తుంది.

మేం ఏం చేశామంటే, ఎవరికి వాళ్ళు అడిగితే పని కాదని పదకొండు ఇళ్ళవాళ్ళం కలిసి గ్రామసభలో చెప్పాం. చెత్త షెడ్డు దగ్గర తాళం వేసే ఇనుపజాలీ గది ఒకటి పెట్టించుకున్నాం. అందులోకి మూడుసార్లు కడిగి చిల్లు పెట్టిన డబ్బాలే రావాలి. మూతలు విడిగా ఒక గోతాంలో, రేకు కవర్లు విడిగా, ప్లాస్టిక్ విడిగా. కడగని డబ్బా తెస్తే వెనక్కి పంపిస్తాం, ఎవరి మనసు నొచ్చుకున్నా సరే. వాన పడితే తడవకుండా పైకప్పు, కింద సిమెంటు నేల. గోతాంల మీద ఎర్ర రంగుతో "విషం" అని రాశాం, చదవలేనివాళ్ళ కోసం పుర్రె బొమ్మ కూడా వేశాం. ఎవరి నుంచి ఎన్ని వచ్చాయో నోటుపుస్తకంలో రాస్తాం. పంపేటప్పుడు పాతసామాను బండికి కాదు, మండలం నుంచి మాట్లాడుకుని, ప్లాస్టిక్‌ని తాగే నీళ్ళ సీసాలుగానో బొమ్మలుగానో మార్చరని తేల్చుకున్నాకే పంపుతాం. మీ ఊళ్ళో అలాంటి గది లేకపోతే, వచ్చేదాకా కడిగి చిల్లు పెట్టిన డబ్బాలు గోతాంలో కట్టి తాళం గదిలో ఉంచండి. కడిగిన ఖాళీ డబ్బా గదిలో ఏడాది ఉన్నా పొలం గట్టు మీద ఒక్క పూట ఉన్నంత ప్రమాదం కాదు.

ఇక చోటే లేక పూడ్చక తప్పని పరిస్థితి వస్తే, కడగనిది ఒక్కటి కూడా గుంటలోకి పోకూడదు. బోరుకీ బావికీ కాలువకీ దూరంగా, వాన నీళ్ళు నిలవని మెట్ట చోటు చూడాలి. ఇసక నేల పనికిరాదు, నీళ్ళతో పాటు విషాన్నీ కిందికి దించేస్తుంది. నా మట్టుకు నేను పూడ్చను.

కాల్చడం మాత్రం వద్దే వద్దు. దీని మీద మా ఊళ్ళో ఇప్పటికీ గొడవే. మిరప కట్టెతో పాటు డబ్బాలు, కవర్లు వేసి తగలబెడతారు, చలికాలం కదా అని పిల్లలు చుట్టూ చేరతారు. డబ్బాలోని మందు కాలి మాయమైపోదు, కొంత ఆవిరై పొగతో లేస్తుంది. క్లోరిన్ ఉన్న మందులూ ప్లాస్టిక్కులూ తక్కువ మంటలో కాలితే డయాక్సిన్లు అనే విషాలు పుడతాయి. అవి బూడిదతో పచ్చిక మీద పడి, గేదె మేసి, పాలల్లోకి వస్తాయి. ప్రమాదకర చెత్తని కాల్చడానికి కట్టిన కొలిమిలో వేడి వెయ్యి డిగ్రీల పైన ఉంటుంది, పొగని కడిగే ఏర్పాటు ఉంటుంది. మన కళ్ళం మంటకి ఆ శక్తి లేదు.

డ్రమ్ము అడుగున మిగిలిన నీళ్ళు

చివరి డ్రమ్ము కలిపేముందు ఇంకా ఎన్ని బోదెలున్నాయో లెక్కపెట్టండి. నిండు డ్రమ్ము అక్కర్లేకపోతే సగమే కలపండి. అయినా మిగిలితే పది రెట్లు నీళ్ళు కలిపి అదే చేను అంచుల్లో, సరిగ్గా తడవని చోట కొట్టేయాలి. పంపు కడిగిన నీళ్ళూ అంతే. గట్టు మీద ఒకే చోట పారబోస్తే అక్కడి నేల కాలిపోయినట్టు అవుతుంది, వానకి బోదె వెంట పారి కాలువలో కలుస్తుంది.

బోరు దగ్గర డ్రమ్ము నింపేవాళ్ళు ఈ ముక్క శ్రద్ధగా వినండి. పైపు కొసని డ్రమ్ము నీళ్ళలో ముంచి వదిలేస్తాం. మధ్యలో కరెంటు పోతే పైపులోని నీళ్ళు బోరులోకి వెనక్కి జారతాయి, జారుతూ డ్రమ్ములోని మందు నీళ్ళని లాక్కుపోతాయి. మందంతా బోరులో. ఆ బోరు నీళ్ళు మనమే తాగుతాం. మా పక్క చేనులో ఇలాగే జరిగింది. రెండు రోజులపాటు మోటారు వేసి నీళ్ళు బయటికి తోడినా వాసన పోలేదు. పైపు కొస ఎప్పుడూ నీటికి జానెడు పైన ఉండాలి. అసలు మందు కలిపే డ్రమ్మే బోరు దగ్గర ఉండకూడదు. మేం నీళ్ళు బిందెలతో, చిన్న ట్యాంకుతో చేను మధ్యకి మోసుకుపోయి అక్కడ కలుపుతాం. నడుము నొప్పే, కానీ బోరుకి నూరడుగుల దూరం మా ఇంటి నియమం.

మందు ఒలికితే మొదట చేసే తప్పు నీళ్ళు కొట్టడం. నీళ్ళు కొడితే జానెడు మరక బారెడు అవుతుంది. పొడి మట్టి, బూడిద, ఊక ఏది దొరికితే అది కప్పి, పీల్చుకున్నాక చీపురుతో ఎత్తి మందపాటి కవర్లో కట్టాలి. ఆ చీపురు కూడా ఆ కవర్లోకే. గొడ్లనీ కోళ్ళనీ ఆ చోటికి రానివ్వద్దు. కోళ్ళు ఊక కనిపిస్తే కెలుకుతాయి.

బట్టలు

మందు కొట్టినవాళ్ళు ఇంట్లోకి రాకముందే బట్టలు విప్పి స్నానం చేయాలి. మా గొడ్లసావిడి పక్కన తడిక కట్టి ఒక చోటు పెట్టాం. ఆ బట్టలు పిల్లల బట్టలతో కలపకూడదు, ఉతికే టబ్బు వేరే. ముందు మంచినీళ్ళలో జాడించి, సబ్బుతో రెండుసార్లు ఉతికి, ఎండలో వేయాలి. ఉతికేవాళ్ళకీ తొడుగులుండాలి. ఆ నీళ్ళు గొడ్లు తాగే తొట్టివైపు పారకూడదు. మందు ఒలికి చొక్కా తడిసిపోతే దాన్ని ఉతికి కాపాడాలని చూడకండి. చొక్కా పోతే పోయింది.

అటక మీద పాతవి

మా అటక దించినప్పుడు ఎండోసల్ఫాన్ లీటరున్నర దొరికింది. 2011 మే నెలలో సుప్రీంకోర్టు దాన్ని దేశమంతటా ఆపేసింది, ఆ మందు చల్లిన కేరళ కాసరగోడ్ జీడితోటల పక్కన పిల్లలు ఎలాంటి లోపాలతో పుట్టారో మనం అందరం చూశాం. ట్రైజోఫాస్, ఫోరేట్ గుళికలు 2020 ఆఖరుతో నిషేధంలోకి పోయాయి. ఇంట్లో ఇలాంటి పాతవి ఉంటే "ఎవరూ చూడకుండా కొట్టేద్దాం" అనుకోకండి, రెండు పాతవి ఒక డబ్బాలో కలపకండి, సెప్టిక్ గుంటలో పోయకండి. కారుతున్న డబ్బాని కారుతున్నట్టే ఇసక పోసిన పెద్ద బకెట్లో నిలబెట్టి మూత పెట్టండి. లేబుల్ ఊడిపోతుంటే పేరు కాగితం మీద రాసి దారంతో కట్టండి, పేరు తెలియని విషం ఎవరి చేతికొచ్చినా ప్రమాదమే.

వీటిని తగలబెట్టి శుద్ధి చేసే చోట్లు మన దగ్గర ఉన్నాయి. ఆంధ్రలో పరవాడ దగ్గర, తెలంగాణలో దుండిగల్ దగ్గర ప్రమాదకర వ్యర్థాల కేంద్రాలున్నాయి. కానీ అవి ఫ్యాక్టరీల లారీల కోసం కట్టినవి. ఒక్కరి లీటరున్నర కోసం లారీ రాదు. అందుకే ఊరు మొత్తం మీద ఎవరి దగ్గర ఏ మందు ఎంతుందో జాబితా రాసి, వ్యవసాయాధికారికి ఒకటి, కాలుష్య నియంత్రణ మండలికి ఒకటి సంతకాలతో ఇచ్చాం. మా జాబితాలో నలభై లీటర్ల పైన తేలింది. అర్జీ ఇంకా నడుస్తోంది. నేను రెండు నెలలకోసారి వెళ్ళి అడుగుతాను.

మా నాన్న పత్తికి సెవిన్ పొడి చల్లేవాడు, పసుపుపచ్చ గుడ్డ మూటలో కట్టి దులిపేవాడు. భోపాల్ ఫ్యాక్టరీలో తయారైంది ఆ మందే. 1984 డిసెంబరులో గ్యాస్ లీకై వేలమంది పోయారని అందరికీ తెలుసు. ఆ ఫ్యాక్టరీలో మిగిలిన విషపు చెత్త 337 టన్నులు నలభై ఏళ్ళు అక్కడే పడుంది. 2025 జనవరిలో కంటైనర్లలో పీతంపూర్‌కి తరలిస్తే అక్కడి జనం మా ఊరికి వద్దని రోడ్డెక్కారు. జూన్ ఆఖరుకి కాల్చడం పూర్తయింది. అంత పెద్ద ఫ్యాక్టరీ చెత్తకే నలభై ఏళ్ళు పడితే మా అర్జీకి రెండేళ్ళు పట్టిందని నేను అలిసిపోను.

తాళం

వాడుతున్న మందులూ, పాతవీ అన్నీ ఒకే గదిలో, తాళం వేసి, తాళంచెవి ఒక్కరి దగ్గరే. గింజల గదిలో కాదు, పడకగదిలో మంచం కింద అసలే కాదు. పిల్లలు తాగేస్తారన్న భయం ఒకటి. రెండోది, అప్పులవాళ్ళు తలుపు కొట్టిన రోజునో, ఇంట్లో మాటా మాటా పెరిగిన రాత్రో చేతికి దొరికే దూరంలో విషం ఉండకూడదు. ఆ గడియ దాటితే మనిషి నిలబడతాడు. మా ఊళ్ళో ఆ గడియ దాటలేకపోయినవాళ్ళని నేను ఎరుగుదును. మనసు బాగోలేనివాళ్ళు మాట్లాడటానికి టెలీ మానస్ నంబరు 14416, తెలుగులోనే మాట్లాడతారు.

బియ్యంలో, గింజల్లో పెట్టే గోళీ మందు, అంటే అల్యూమినియం ఫాస్ఫైడ్, ఇంట్లోకి తేకండి. తడి తగిలితే విషవాయువు వస్తుంది, దానికి విరుగుడు లేదు. దాన్ని మామూలు జనానికి అమ్మకూడదని నిబంధన. అయినా ఎవరైనా అమ్మితే కొనకండి.

ఒంట్లోకి పోతే

చెమటలు పట్టి, నోట చొంగ కారి, కళ్ళు మసకలై, కంటిపాప సూదిమొనంత అయిపోయి, కండరాలు అదురుతుంటే ఆర్గానోఫాస్ఫేటు, అంటే మోనోక్రోటోఫాస్ జాతి మందు ఒంటికి పట్టిందని అర్థం. ఎండదెబ్బ అని నిమ్మరసం ఇచ్చి కూర్చోబెట్టకండి. చేను నుంచి బయటికి గాలిలోకి తీసుకొచ్చి, బట్టలు విప్పేసి, సబ్బు నీళ్ళతో ఒళ్ళంతా, జుట్టుతో సహా కడగండి. కడిగేవాళ్ళు తొడుగులు వేసుకోవాలి. కళ్ళలో పడితే పావుగంట ఆపకుండా నీళ్ళధార పట్టండి. మింగితే ఉప్పునీళ్ళు పట్టి వాంతి చేయించకండి, పచ్చిగుడ్డు పట్టకండి. స్పృహ తప్పుతుంటే ఎడమ పక్కకి తిప్పి పడుకోబెట్టండి. పాలో మజ్జిగో తాగించి ఊళ్ళో వైద్యుడి దగ్గర పూట గడపకండి. ఆసుపత్రిలో ఇచ్చే అట్రోపిన్ అనే విరుగుడు ప్రాణం నిలబెడుతుంది, అది ఎంత త్వరగా పడితే అంత మేలు. గడ్డిమందు పారాక్వాట్‌కి విరుగుడే లేదు. గుక్కెడు పోయి పైకి బాగానే కనిపించినా, రోజులు గడిచాక ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. కాబట్టి మనిషి బాగున్నాడని ఇంటికి తీసుకురాకండి.

ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు ఆ మందు డబ్బానో, కనీసం లేబుల్ ఫోటోనో వెంట తీసుకెళ్ళండి. డాక్టరు మొదట అడిగేది అదే. అందుకే కడిగి చిల్లు పెట్టిన డబ్బా మీద కూడా లేబుల్ పీకేయకుండా ఉంచుతాం.

మా మందు గది తలుపు మీద 108, ఢిల్లీ ఎయిమ్స్ విష సమాచార కేంద్రం 1800 116 117, దగ్గరలో వెంటిలేటరు ఉన్న ఆసుపత్రి పేరు, మా ఆటో అబ్బాయి నంబరు సుద్దతో రాసి ఉంటాయి. వానకి చెరిగిపోతే మళ్ళీ రాస్తాను. ఈ ఏడాది రంగుతో రాయించాలి.